సుంకులమ్మ నానేసిన అనపగింజలు

సుంకులమ్మ అని ఒగామె ఉండె. ఏటికి ఇవతల కదిరప్పనాయుడని ఒగ పాలెగాడు, ఆయప్ప కోటలో వంటామె. వంటంటే అట్లాంటిట్లాంటి వంట గాదు. చలికాలం వొచ్చిందంటే ఆమెను పట్టేటోళ్ళు లేరంట. సజ్జరొట్టెకు నువ్వులద్ది పెనం మింద వేస్తే, ఆ వాసనకు కావలోళ్ళు ఈటెలు గోడకానిచ్చి వొచ్చి వంటింటి వాకిట్లో నిలబడేటోళ్ళంట. పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడకబెడితే అవీ అంతే. ఇంక పితికిపప్పు చేసిందనుకో, చెప్పే పనే లేదు. పితికిపప్పు తెలుసు గదా మీకు? అనపకాయలు వొలిచి, గింజల్ని రాత్రంతా నానేసి, పొద్దన్నే ఒగొక్క గింజనే బొటనేలికీ చూపుడేలికీ నడాన పెట్టి నొక్కితే, తోలు చేతిలో నిలిచి పప్పు ఎగిరి తొట్లో పడతాది. ఆ పప్పుతో పులుసు పెట్టి, ఉడుకుడుకు రాగిసంగట్లోకి పోసుకుంటే... చెప్తా ఉంటేనే నాకు నోట్లో నీళ్ళూరతా ఉండాయి, ఉండండి.

ఏమైందంటే, అనపకాయకు మంచు పడల్ల. మంచు తాగిన కాయకే వాసన. అట్లాంటి కాయ వొలిస్తే చేతికి జిగురంటుకొని, ఎన్ని తూర్లు కడిగినా మాపటిదాకా ఘుమఘుమా అంటానే ఉంటాది. ఇవతల గట్టేమో ఎండ మొగాన ఉండాది, పొద్దు పొడిస్తానే మంచు ఆరిపోతాది. అవతల గట్టుకు కొండ నీడ, పొద్దెక్కినా మంచు కారతానే ఉంటాది. కాయంటే ఆ గట్టు కాయ. అయితే అది తిమ్మానాయుడనే ఇంకో పాలెగాడిది. ఈ నాయునికీ ఆ నాయునికీ తాతల కాలం నుంచీ పడదు. ఈళ్ళ మనిషి ఏరు దాటితే ఆళ్ళు పట్టుకుంటారు, ఆళ్ళ మనిషి దాటితే ఈళ్ళు. ఒగనాడు సుంకులమ్మ కాయలు వొలుస్తా వొలుస్తా మొగుణ్ణి పిలిచి, "ఏమయ్యో, ఈ కాయల్లో ఏం వాసనుండాది, గడ్డి నయం. అవతల గట్టువి ఒగ మూటెడు కోసుకొని రాగూడదా" అనింది. మొగుడి పేరు ఓబులేసు. పెండ్లామంటే పానం, పెండ్లాం వంటంటే ఇంకా పానం. తువ్వాలు భుజాన వేసుకొని పోనే పోయినాడు, మంచులో కనపడను లెమ్మని. మూట కట్టుకొని లేస్తా ఉంటే పట్టుకున్నారంట.

తిమ్మానాయుడు మూట విప్పి చూసి, "నా చేలో కాయ తుంచినవాడా, ఏ ఏలితో తుంచినావురా? ఆ బొటనేలు ఎల్లుండి సంతలో అందరి ముందరా తెగాల" అన్నాడంట. ఆ కబురు సుంకులమ్మకు తెలిసె. తెలిస్తే ఇంకేముండాది, కూలబడి ఏడ్చింది. నేనే గదా పంపిస్తి, నా వాసన పిచ్చికి నా మొగుని ఏలు పాయనే అని. పోయి కదిరప్పనాయుణ్ణి అడిగింది, సామీ మీరొక మాట చెప్పి పంపండి అని. ఆయప్ప మీసం దువ్వుకొని, "వాని కాడ నేను తల వొంచాల్నా? ఏలే గదా, తల గాదు గదా" అన్నాడంట. చూసినారా, ఆమె చేత్తో వండింది అన్నేండ్లు తిన్న మనిషి! సుంకులమ్మ మొగం కడుక్కొని, కొంగు బిగించి, ఒగతే ఏరు దాటె.

తిమ్మానాయుని ముందర నిలబడి దండం పెట్టి, "సామీ, నేను ఓబులేసు పెండ్లాన్ని. ఆయప్పను విడిచిపెట్టమని అడగను. ఆ కాయలు మీ చేలోవి, వాడిపోతే పాపం. ఒగ పూట నన్ను వండి పెట్టనీండి, తిన్నంక మీ న్యాయం మీరు చేసుకోండి" అనింది. ఆయప్పకు ఈమె చేతివంట పేరు తెలీకుండా ఉంటాదా? ఏరు దాటి మనుషులే రాగూడదు గానీ, పేరు రావచ్చు గదా. లోపల ఆశగా ఉండాది, పైకి మాత్రం కోపంగానే, "నాకొక్కనికే వండేదేంది, కోటంతా తినల్ల, ఎన్ని కాయలు కావల్నో కోయించుకో" అన్నాడు. సుంకులమ్మకు అదే కావల్సింది. బండ్లకు బండ్లు కోయించింది. ఆడోళ్ళందర్నీ కూర్చోబెట్టి వొలిపించింది. ఆ గింజలన్నీ, అవును, అన్నీ, కోటలో ఉండే కొప్పెరలూ గంగాళాలూ వెతికి తెప్పించి నానేసేసింది.

పొద్దన్నే చూస్తే కోట నడవంతా నానిన గింజలే. పితికే చేతులు యాడున్నాయి? నానిన గింజ మాపటిదాకా ఉంటే పులిసిపోతాది. పనోళ్ళు కూర్చున్నారు, బంట్లు కూర్చున్నారు, లెక్కలు రాసే కరణం గూడా పంచె ఎగ్గట్టుకొని కూర్చున్నాడంట. అయినా చేతులు చాలలేదు. అప్పుడు సుంకులమ్మ పోయి, "సామీ, మా ఆయన పితికేదాంట్లో గట్టోడు. ఆ బొటనేలు సంతదాకా ఆయనదే గదా, దానికింత పని చెప్పండి" అనింది. నాయునికి నవ్వొచ్చింది, సరే తెమ్మన్నాడు. ఓబులేసు వొచ్చి తొట్టి కాడ కూర్చునె. ఇప్పుడు మీకొక మాట చెప్పల్ల. మన సీమలో కట్టుబాటొకటి ఉండాది. ఒగే తొట్లో చేతులు పెట్టి పితికినోళ్ళు ఒగే పంక్తిలో కూర్చోని తినల్ల. అట్ల తిన్నోళ్ళు ఒగరి మింద ఒగరు కత్తెత్తగూడదు. ఇది నాయునికీ తెలుసు. తెలిసే, చేతులు రెండూ ఈపు ఎనక కట్టుకొని దూరంగా తిరగతా ఉండాడు. తొట్టి కాడికి రాడు. సుంకులమ్మ గూడా పిలవలే. పిలిస్తే వొస్తాడా?

ఆమె చేసిందల్లా ఏందంటే, చంద్రయ్య అనే ఒగ బంటును తెచ్చి, నాయుడు తిరిగే దావలోనే, ఓబులేసు పక్కన కూర్చోబెట్టింది. వాడు మనిషి చూస్తే కొండ, గింజ పితకమంటే పిండి చేస్తాడు. ఒగ గింజ నలిపె, ఇంకోటి నలిపె, ఒగటి జారి పోయి కరణం ముక్కు మింద కొట్టె. అందరూ నవ్వుతా ఉండారు. నాయుడు పోతా చూసినాడు, వొస్తా చూసినాడు. పండ్లు కొరుక్కుంటా ఉండాడు. ఎందుకంటే ఆయప్ప చిన్నప్పుడు వాళ్ళవ్వ కాడ కూర్చోని పితికిన మనిషి. ఆ పప్పు అట్ల ముద్దయిపోతా ఉంటే పానం ఒప్పుతాదా? ఇంకోసారి రాంగానే, "అట్ల గాదురా ఎద్దూ! గింజ ముక్కు కాడ పట్టుకొని మెల్లగా ఒత్తల్ల, ఇట్ల!" అని గబుక్కున కూర్చోని తొట్లో చెయ్యి పెట్టి పితికేసినాడు. పప్పు టపక్కున పడింది. ఇంకోటి పితికినాడు. ఇంకోటి. మనమైనా అంతే గదప్పా, ఆ తొట్టి ముందర కూర్చున్నంక ఒగటితో లేసేవాడెవుడు? పక్కనున్న ఓబులేసును చూసి, "నీవు నాకంటే బిరబిరా పితుకుతావురా" అన్నాడు. అన్నంక తెలిసింది ఆయప్పకు. చేతులు చూసుకున్నాడు, తడి. తలెత్తి సుంకులమ్మను చూసినాడు. ఆమె పొయ్యి కాడ కూర్చోని, మండే పొయ్యినే మళ్ళా మళ్ళా ఊదతా ఉండాదంట. పాపం, తెలివి ఎంతున్నా భయం భయమే గదా.

నాయుడు ఏమన్నాడంటే, "ఏమ్మే, ఈ గింజలకంటే ముందు నన్ను పితికేసినావు గదమ్మే" అని పగలబడి నవ్వినాడు. ఆ పొద్దు ఆకులు పరిచి, నాయుడూ ఓబులేసూ చంద్రయ్యా కరణమూ అందరూ ఒగే వరసన తిన్నారు. నాయుడు సంగటి ముద్ద పులుసులో ముంచి నోట్లో పెట్టుకొని కండ్లు మూసుకున్నాడంట. "మా అవ్వ పోయినంక ఇది తినలే" అని ఇంకో ముద్ద ముంచుకున్నాడు. "ఇంకమీదట మంచు పడతానే మీరిద్దురూ పగలే రండి, దావెంబడి రండి, కావల్సినన్ని కోసుకోండి" అని చెప్పి పంపినాడు.

ఇంటికొచ్చినంక కదిరప్పనాయుడు పిలిపించి, "ఏం చెప్పి విడిపించుకొస్తివే వాణ్ణి?" అని అడిగితే, "నేనేం చెప్పలేదు సామీ, గింజలు నానేస్తి" అనిందంట. అదప్పా వంటామె అంటే! ఇప్పుడు చూడండి, పితికిన పప్పు సంతలో కవర్లో కట్టి అమ్ముతా ఉండారు. ఎవురు పితికినారో తెలీదు, ఎవురి పక్కన కూర్చొని పితికినారో తెలీదు. తెచ్చుకునేది, తినేది, తలుపేసుకునేది. మా ఇంట్లోనూ అదే తెస్తారు, కాదన్ను. మీ ఇంట్లో ఎవురన్నా గింజలు నానేస్తే మాత్రం నన్ను తినేదానికి గాదు, పితికేదానికి పిలవండి.