లెయ్యం

కొత్త నీటి చార్జీ కట్టనందుకు, దుత్తలూరు పక్క పల్లెలో ఒక ఇంటి కొళాయి తీసేయడానికి పంచాయతీ మనిషి పానా పట్టుకుని వచ్చాడు. ఆ ఇంటి ముసలామె కొళాయికి అడ్డంగా కూర్చుంది.

“లెయ్యవ్వా. పైనించి ఆర్డర్ వచ్చుండాది.”

“వారానికొకసారి నీళ్లిడిచి, నెలనెలా చార్జీ అంటే ఎట్టా కట్టేది? లెయ్యను.”

“తియ్యకపోతే నా ఉద్యోగం పోతాది.”

“నీ మీద నాకేం కోపం లేదు నాయనా. మీ అమ్మ కట్టిందా?”

“మా అమ్మ సంగతి ఇప్పుడెందుకు?”

“‘నా కొడుకొచ్చి అడిగినా లెయ్యబాక’ అని చెప్పింది ఆమేరా. ఆమె కూడా మీ కొళాయి కాడ కూర్చోనుండాది. వీధిలో ఆడోళ్లందరం అట్నే కూర్చోనుండాం.”

అతను వీధి చివరిదాకా చూశాడు. పానా సంచిలో వేసుకున్నాడు.

“ఆఫీసులో ఏం చెప్పమంటావవ్వా?”

“ఊరు లెయ్యలేదని చెప్పు.”