ఫోనమ్మ ఊళ్ళో రోజూ వానే

నవ్వితే నవ్వావు గానీ అక్కా, ముందు నా గోడు పూర్తిగా విను. నా కూతురు నా మీద చాడీలు చెబుతోంది. ఎవరికి? నాకే. లోకంలో ఇంకే తల్లికైనా ఈ భాగ్యం పట్టిందేమో నువ్వే చెప్పు.

ఆ నీళ్ళ చప్పుడేమిటంటావా? కుళాయి. ఉండనీ, కావాలనే తిప్పాను. ఎందుకో చెబుతాను, అక్కడికే వస్తున్నాను.

నేను ఒక్కదాన్నే చదువుకని ఈ దేశం బయలుదేరినప్పుడు మన పిడుగు ఎంత ఉంది? ఇంకా మాటలు కూడా తిరిగేవి కావు. వాళ్ళ నాన్న చేతుల్లో పెట్టి వచ్చేశాను. మరి రోజూ సాయంత్రం ఫోనులో కనిపించేదాన్ని కదా, కనిపించి ఏం చేసేదాన్ని? నవ్వేదాన్ని. కథలు చెప్పేదాన్ని. మా ప్రయోగశాలలో గాజుపెట్టెలో పెంచే వానపాముల్ని చూపించేదాన్ని. పాలు తాగలేదంటే, పోనీలే తల్లీ అనేదాన్ని. అనక ఏం చేస్తాను? అంత దూరం నుంచి తిడితే, ఏడ్చిన పిల్ల కళ్ళు తుడవడానికి చెయ్యి అందద్దూ?

అప్పుడు నువ్వేమన్నావు? చదువైనా చదువు, సంసారమైనా చెయ్యి, రెండు పడవల మీద కాళ్ళు పెట్టకే అన్నావు. నేను వింటేగా. వాళ్ళిద్దరికీ వీసాలు వచ్చిన రోజు పట్టలేక వానపాములకు కూడా చెప్పాను. అవి కూడా నీలాగే ఊఁ అనలేదు.

విమానాశ్రయంలో మీ మరిది పెట్టెల బండి తోసుకుంటూ బయటికొచ్చారు. ఇది ఆయన కాలి వెనక నక్కింది. నేను చేతులు చాచుకుని పరిగెత్తాను. అది నన్ను పైనుంచి కిందికి చూసింది, కిందినుంచి పైకి చూసింది. చూసి, "నాన్నా, ఈవిడకి కాళ్ళున్నాయి" అంది.

నిజమే మరి. అది చూసిన అమ్మ మెడ దాకానే కదా ఉండేది. నేను నవ్వలేక అక్కడే ఒక పెట్టె మీద కూలబడ్డాను. ముద్దు పెట్టుకుంటే మాత్రం, తిన్నగా చెంప తుడిచేసుకుంది.

ఇంటికొచ్చాక ఉంది అసలు కథ. ఇక్కడ నేల చల్లగా ఉంటుంది, మేజోళ్ళు వేసుకోమంటాను. తడిజుట్టుతో బయటికెళ్ళొద్దంటాను. బడికి టైమైందంటాను. దువ్వెన పట్టుకుని వెంటపడతాను. చూస్తూ చూస్తూ పోనీలే తల్లీ అనడం ఎలా? అది నన్ను అద్దె అడగడానికొచ్చిన మనిషిని చూసినట్టు చూసేది. అమ్మా అని ఒక్కసారి పిలిస్తే ఒట్టు. నేను మీ మరిదిని ఏమండీ అంటాను చూడు, ఈ ఇంట్లో మనుషుల్ని పిలిచే తీరు అదే అనుకుంది. "ఏమండీ, నీళ్ళు కావాలి." ఆయనేమో కూర మాడుతున్నా పట్టించుకోకుండా నవ్వడం. ఊళ్ళో కరెంటు స్తంభాలెక్కిన మనిషి ఇక్కడ గరిటె పట్టారులే, నేను చదువుకుంటున్నానని. ఆ మాట ఒప్పుకోవాలి.

అలా ఉండగా ఒకనాటి సాయంత్రం, ఇదివరకు నేను ఫోను చేసే వేళకి, అది వాళ్ళ నాన్న ఫోను తెచ్చి ఆయన చేతికిచ్చింది. "అమ్మకి చెయ్యి" అంది. ఆ మహానుభావుడు అలవాటు చొప్పున చేసేశారు. వంటింట్లో నా కొంగులో ఫోను మోగింది.

నేరుగా గదిలోకి వెళ్ళి, నేనేనే పిచ్చిపిల్లా అంటే అక్కడితో తీరిపోయేది. అనలేదు. ఎందుకో దొంగలా బాత్రూములోకి దూరి, తలుపేసుకుని, మాట బయటికి వినిపిస్తుందేమోనని కుళాయి తిప్పి, అప్పుడు ఎత్తాను.

"అమ్మా, నీ దగ్గర వాన పడుతోందా?" అంది.

"అవునమ్మా, ఒకటే వాన" అన్నాను. "అందుకే బొమ్మ రాదు, మాటలే వస్తాయి."

"అమ్మా, ఇక్కడ ఒకావిడ ఉంది. నీలాగే ఉంటుంది. కానీ జుట్టు పీకుతుంది."

తువ్వాలు నోట్లో కుక్కుకున్నాననుకో. ఆవిడకి చెబుతాలే అన్నాను. మర్నాడు దువ్వెన నెమ్మదిగా దువ్వాను. సాయంత్రానికల్లా కబురొచ్చేసింది. "నువ్వు చెప్పావా? ఇవాళ తక్కువ పీకింది."

అంతేనక్కా, ఇక రోజూ అదే వరస. పగలంతా ఇంటమ్మని, సాయంత్రం ఫోనమ్మని. పప్పులో ఉప్పెక్కువైనా నాకే ఫిర్యాదు. మేజోళ్ళు గుచ్చుకున్నా నాకే. బడికి ఇన్‌స్పెక్టరు వస్తే పంతులమ్మ వణికినట్టు, నా మీద నేనే విచారణ జరుపుకుంటూ వణికేదాన్ని. ఒకరోజు ధైర్యం చేసి, "పోనీ, ఆవిడ మంచిదేనా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "పరవాలేదు" అంది. మా ప్రొఫెసరుగారు నా పరిశోధన బాగుందన్నప్పుడు కూడా నేలకి జానెడెత్తున నడవలేదక్కా, ఆ పరవాలేదుకి నడిచాను.

అన్నీ నవ్వులే కాదులే. దానికి జ్వరమొచ్చింది. నా ఒళ్ళోనే పడుకుంది. నా చెయ్యే దాని నుదుటి మీద ఉంది. "అమ్మ కావాలి" అని ఏడుపు. ఏమే, నేనున్నానుగా అంటే, "నువ్వు కాదు, అమ్మ" అంది. ఏం చెయ్యమంటావు? ఒళ్ళోని పిల్లని మెల్లగా దింపి, వాళ్ళ నాన్నకిచ్చి, బాత్రూములోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఫోనులో జోకొట్టాను. నిద్రపోయింది. ఏ చెయ్యీ లేని అమ్మ దగ్గర నిద్రపోయింది.

ఆ మాట అప్పుడే నీకు చెబితే, నిజం చెప్పేసెయ్యి, పిల్లతో ఈ నాటకాలేమిటి అని కసిరేదానివి. గుర్తుందా, మన చిన్నబళ్ళో మాస్టారు ఒక కథ చెప్పేవారు. ఒక ఇల్లాలు చేద వేస్తూ బావిలోకి తొంగిచూసిందట. నీళ్ళలో తన నీడే. ఎంత చల్లగా ఉందో ఆవిడ, ఎండా లేదు, చాకిరీ లేదు, అని కుళ్ళుకుని ఒక బండరాయి పడేసిందట. నీడ చెదిరింది, సరే. ఆ పూట ఇంటిల్లిపాదికీ తాగడానికి బురదనీళ్ళే. మాస్టారు అక్కడాపి, "ఏం చెయ్యాల్సిందిరా?" అని అడిగేవారు. ఆయనే అనేవారు, "కడవ నింపుకుని ఇంటికి పోవాల్సిందిరా" అని. నేనూ అంతే చేశాను. ఫోనమ్మ మీద రాయి వెయ్యలేదు. నీళ్ళు మోసుకుంటూ పోయాను.

ఇవాళ సాయంత్రం కూడా ఫోను మోగింది. నేను మామూలుగా తలుపేసుకుని, కుళాయి తిప్పి, ఏమ్మా అన్నాను.

"అమ్మా, నేనింక నీకు ఫోను చెయ్యను" అంది.

ఎందుకమ్మా అన్నాను.

"నీతో మాట్లాడినప్పుడల్లా ఆవిడ బాత్రూములోకి పోయి తలుపేసుకుంటోంది. నీళ్ళు తిప్పుకుని ఏడుస్తోంది. పాపం కదా."

చూశావా? నేను దాక్కుంటున్నాననుకున్నాను. అది రోజూ ఆ తలుపునే చూస్తోంది. జుట్టు పీకిన మనిషే, ఉప్పెక్కువేసిన మనిషే, అయినా పాపం కదా అంటోంది.

నాకు బుద్ధుండద్దూ, సరే అని ఊరుకోవచ్చుగా. "మరి నేను ఇక్కడ ఒక్కదాన్నే ఏం చెయ్యను తల్లీ?" అన్నాను.

"నువ్వు చదువుకో" అంది. టపీమని పెట్టేసింది.

నవ్వు, నవ్వు. నేనూ తువ్వాలు తడిసేదాకా నవ్వాను. ఆ వెంటనే నీకు చేశాను. అవునక్కా, ఇంకా బాత్రూములోనే ఉన్నాను. అందుకే ఈ కుళాయి.

ఉండు. అదిగో తలుపు కొడుతోంది. నీకూ వినపడిందా? "అమ్మా, బయటికి రా. ఆవిడకి వద్దని చెప్పేశాను." అమ్మా అందక్కా. ఏమండీ కాదు. దువ్వెనతో కొడుతున్నట్టుంది, చప్పుడు చూడు.

వెళ్తాను, వెళ్తాను. ఒక్కమాట చెప్పి పెట్టేస్తాను, నవ్వకు. ఆ ఫోనమ్మ పోయిందంటే నాకు దిగులుగా ఉంది. ఒక్కనాడు కసురుకోలేదు. అంత మంచి అమ్మని నేను మళ్ళీ కాలేను, రేపు పొద్దున మేజోళ్ళ దగ్గరే తేలిపోతుంది. పిల్లకి బెంగ లేదు. ఆయనకి కూర ధ్యాస. ఆవిడ కోసం రెండు చుక్కలు రాల్చడానికి నేను తప్ప ఎవరున్నారు?

రాల్చేశానులే. కుళాయి కట్టేస్తున్నాను. ఆవిడ ఊళ్ళో వాన వెలిసిందక్కా.