చక్రం ఆగేదాకా

అందరికీ నమస్కారం. పనులు మానుకుని వచ్చారు. కొందరు పని బట్టల్లోనే వచ్చారు, ఫర్వాలేదు, బావ కూడా మనకు ఆ బట్టల్లోనే గుర్తుంటాడు. ముందు వరసలో కూర్చున్న మా అక్కకూ పిల్లలకూ ఏం చెప్పి ఓదార్చాలో నాకు తెలియడం లేదు. నిలబడే ఓపిక కూడా లేదు. ఈ బల్లకు ఆనుకుని మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

ఆయన నాకు బావ, మా అక్క భర్త. నేను అలా పిలుస్తున్నానని ఈ షెడ్డులో అందరూ బావా అనడం మొదలుపెట్టారు. ఆయనకన్నా వయసులో పెద్దవాడు, మన పాలిష్ తాత కూడా బావా అనే పిలిచేవాడు. ఇంతమందికి బావ అయ్యి, ఒక్కడితోనూ నెమ్మదిగా మాట్లాడిన పాపాన పోలేదు మహానుభావుడు. ఇక ఆ మిషన్ జోలికి వెళ్తే చెప్పక్కర్లేదు.

అదిగో, ఆ మూల ఉంది బ్యాండ్ సా మిషన్. పైన ఒక చక్రం, కింద ఒక చక్రం, రెంటినీ చుట్టి తిరిగే రంపం బ్లేడు. మనం చెక్క కోసుకుని పోయేవాళ్లం. దాన్ని చూసుకున్నది ఎవరు? చక్రాల రబ్బరుకు అంటిన జిగురు గీకింది ఎవరు? బ్లేడు పక్కకు లాగుతుంటే దానికి అటూ ఇటూ ఉండే గైడ్లు సరిచేసింది ఎవరు? బ్లేడుకూ గైడుకూ మధ్య కాగితమంత సందు ఉండాలి, అంతకు మించకూడదు అనేవాడు. మా అమ్మాయి పెళ్లి కార్డు తీసుకెళ్లి చేతికిస్తే చదవలేదు. రెండు వేళ్లతో నలిపి చూసి, "మరీ మందంరా, దీనికి పనికిరాదు" అన్నాడు. ఆ మాటకు మా ఆవిడ ఆయనతో చాలాకాలం మాట్లాడలేదు. కవరు మాత్రం దాచుకున్నాడు. అది సరిపోయిందట.

సోఫాలు చేసే మన మేస్త్రీ ఇక్కడే ఉన్నాడు. ఒకసారి ఆయనకు అర్జెంటు పని పడింది, చూస్తే కోత వంకర పోతోంది. ఎలాగోలా నెట్టుకొస్తానని ఆయన పట్టుబట్టాడు. బావ మిషన్ ఆపి, ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. ఆ మధ్యాహ్నమంతా చేత్తో చక్రం తిప్పడం, బ్లేడు ఎటు జరుగుతోందో చూడడం, పై చక్రం వాలు సరిచేసే మరను కాస్త తిప్పడం, మళ్లీ చక్రం తిప్పడం. మేస్త్రీ తిట్టాడు, నేనూ తిట్టాను. బావ ఒక్కటే మాట అన్నాడు. "పది వేళ్లతో వచ్చారు, పది వేళ్లతో ఇంటికెళ్లండి." మేస్త్రీ, నీ చేతులు ఒకసారి చూసుకో.

రోజూ సాయంత్రం బ్లేడు బిగువు తగ్గించేవాడు. "రాత్రంతా లాగిపెట్టి ఉంచితే ఏదైనా పాడవుతుంది, దాన్నీ పడుకోనివ్వండి" అనేవాడు. తర్వాత స్విచ్‌కు ఆ రేకు ముక్క తగిలించేవాడు, ఎర్ర రంగుతో 'వదులు' అని రాసి ఉన్నది. పొద్దున్నే బ్లేడు బిగించాకే రేకు తియ్యాలి. ఆ రేకు ఎందుకొచ్చిందో కొత్తవాళ్లకు తెలియదు. బావ వాళ్ల అమ్మ పోయాక పనిలోకి వచ్చిన మొదటి రోజు, బ్లేడు బిగించడం మరిచిపోయి స్వయంగా బావే స్విచ్ వేశాడు. బ్లేడు చక్రం మీంచి జారి లోపలే చుట్టుకుపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. తప్పు ఎవరి మీదా నెట్టలేదు. ఆ రోజే డబ్బా రేకు కత్తిరించి తన చేత్తో రాసుకున్నాడు. మన కోసం అనుకున్నాం గానీ, అది తన కోసం పెట్టుకున్నది.

పోయిన వారం ఆ సాయంత్రం గుండెల్లో మంటగా ఉందన్నాడు. ఇంటికి వెళ్లిపొమ్మన్నాం. వెళ్లాడా? బ్లేడు వదులు చేశాడు. పొట్టు ఊడ్చాడు. రేకు తగిలించాడు. అప్పుడు బయల్దేరి, ఇంటి మెట్ల మీదే కూలిపోయాడు. నేరుగా వచ్చేసి ఉంటే బతికేవాడు కదరా అని అక్క అడిగింది. అక్కా, నాకు తెలియదు. డాక్టరు కూడా చెప్పలేకపోయాడు. ఆలోచించి ఆలోచించి అలసిపోయాను. ఆ మిషన్ మీద నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది.

అప్పటి నుంచి ఆ రేకు అలాగే వేలాడుతోంది. ఎవరూ ముట్టుకోలేదు. అది తీసేస్తే ఆయన నిజంగానే పోయినట్టవుతుందని మన భయం. ఆ మిషన్ మీద పని ఆగిపోయింది. మీరంతా నా మొహం చూస్తున్నారు, నేను నేల చూపులు చూస్తున్నాను. ఎన్నాళ్లు ఇలా? ఇవాళ పొద్దున అక్కే అంది, "తీసెయ్యరా. నీవల్ల కాకపోతే నేను తీస్తాను" అని.

నావల్ల కాదక్కా, నువ్వే తియ్యి. బ్లేడు ఇందాకే బిగించాను. ఆయన సొరుగులో మా అమ్మాయి పెళ్లి కవరు ముక్క దొరికింది, దాంతోనే సందు చూశాను.

అక్క రేకు తీశాక మిషన్ ఒక్కసారి వేసి ఆపేస్తాను. ఆపాక కూడా ఆ చక్రం కాసేపు తనంతట తాను తిరుగుతూనే ఉంటుందని మీకు తెలుసు. అది పూర్తిగా ఆగేదాకా బావ ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడమనేవాడు. విసుక్కుంటూ నిలబడేవాళ్లం. ఇవాళ విసుక్కోకుండా నిలబడదాం.

దయచేసి అందరూ లేవండి. చేతులు వెనక్కి పెట్టుకోండి. ఎవరూ గడియారం చూడకండి. ఆ చక్రం ఆగేదాకా మాట్లాడకుండా ఉందాం.