బొత్తాం

హలో… ఆ, నేనేనే, అమ్మని. పెట్టేయకు. నా నంబరు చూస్తే ఎత్తవని కింద ఇస్త్రీ బాబాయిని అడిగి ఈ ఫోను తీసుకున్నా.

ఎవరు చెబితే ఏంటి… సరే, మీ కళ్ళద్దాల షాపులో పిల్లే చెప్పింది. దాన్ని తిట్టకు. పొద్దున్నించీ దాని ప్రాణం తోడేశాను, పాపం.

ఎక్కడున్నావిప్పుడు?… మంచం మీదా… ఆస్పత్రి గౌను కూడా వేసేశారా… ముఖం మీద గీతలా? నేను గుడ్డ మీద సుద్దముక్కతో గీసినట్టే అన్నమాట…

లేదే, ఏడవట్లేదు. మెట్లు దిగి పరిగెత్తుకొచ్చా, ఆయాసం. ఇంకెంతసేపట్లో లోపలికి తీసుకెళ్తారు?… అరగంటా.

విను. వద్దనడానికి చెయ్యలేదు… నిజంగానే… అవునే, మొన్న అన్నాను. ముక్కు కోస్తే కళ్ళు పోతాయని అన్నాను. ఎవరో ఒకావిడ ఇలాగే బల్ల మీదే పోయిందనీ అన్నాను… ఆవిడ లేదు. కల్పించా.

అదీ నేనే. తడిజుట్టుతో పడుకుంటే చెవుడొస్తుందన్నదీ నేనే. లిఫ్టు తెగిపడుతుందని నిన్ను ఐదంతస్తులు ఎక్కించిందీ నేనే. ఒప్పుకుంటున్నాగా… నవ్వకు. ఇవాళ్టిది వేరు.

ఒక్కటి అడుగుతా. అక్కడ కాగితం నింపమని ఇచ్చుంటారు. ఇంతకు ముందెప్పుడైనా మత్తు ఇచ్చారా అని అడిగుంటారు. ఏం రాశావు?

…

లేదనా.

ఇచ్చారే. నాలుగేళ్ళప్పుడు. నీకు గుర్తుండదు… జ్వరం కాదు. జ్వరమని నేను చెప్పా. పొద్దున పదింటికి మత్తిచ్చారు, సాయంత్రం దీపాలు వేసేదాకా నువ్వు ఊపిరి తీసుకోలేదు. నీ అంతట నువ్వు తీసుకోలేదు. ఒక నర్సు, ఒక కుర్ర డాక్టరు, మార్చి మార్చి రబ్బరు బుడ్డి నొక్కుతూ ఊదారు. నేను గోడ దగ్గర నుంచుని వాళ్ళ చేతులే చూశా. ఎప్పుడు అలిసిపోతారో అని…

కథ కాదే. ఒట్టు… నా ఒట్లు ఎన్ని విన్నావో నాకు తెలుసు…

ఎందుకు మత్తిచ్చారంటే… ముక్కుకే.

ఆగు, అరవకు. పక్కన ఎవరైనా ఉన్నారా?… సరే, వింటే విననీ. నీకు మీ నాయనమ్మ వంకర ముక్కే వచ్చిందన్నానే, అది అబద్ధం. ఆవిడ ముక్కు గీత గీసినట్టుండేది. ఫోటోలో నువ్వు చూసింది నిజమే. ఫోటో తీసినవాడు సరిచేశాడని నేనే అన్నా. పాపం మీ నాన్న, తన తల్లి మీద నింద వేస్తుంటే పక్కనే కూర్చుని ఊరుకున్నారు. చెప్పొద్దని ఆయన దగ్గర మాట తీసుకున్నా. పోయేదాకా నిలబెట్టుకున్నారు.

నువ్వు పడ్డావు… మిషను బల్ల మీంచి. ఇరవై స్కూలు చొక్కాలు, మర్నాటికల్లా ఇవ్వాలి. నువ్వు ఏడుస్తుంటే ఎత్తి బల్ల చివర కూర్చోబెట్టి దారం రీలు చేతికిచ్చా. కాలరు తిప్పుతూ ఒక్క క్షణం… ఒక్క క్షణమేనే. కింద తొక్కుడు పలక మీద బోర్లా పడ్డావు. ఇనప పలక.

…

ఉన్నావా?

ముక్కు సరిచేద్దామని మత్తిచ్చారు, నువ్వు ఊపిరి ఆపేశావు. ఇంకేం సరిచేస్తారు. ప్రాణంతో ఇచ్చారు, వంకరతోనే తెచ్చుకున్నా.

నమ్మవా?… ఆపడానికి కొత్తది అల్లుతున్నానంటావు. సరే. నిన్ను బొత్తాం అని ఎందుకు పిలిచేదాన్ని? చెప్పు… మింగావనా? బొత్తాం నువ్వెప్పుడే మింగావు? అదీ నేను చెప్పిందే. బొత్తాం లాంటి ముక్కని పెట్టా ఆ పేరు. గుండ్రంగా, చిన్నగా, ముఖానికి మధ్యన కుట్టినట్టు ఉండేది. పడ్డాక పేరు మార్చుకోలేకపోయా, నోటికొచ్చేసింది. పెద్దయ్యాక ఎందుకలా పిలుస్తావని అడిగితే, మింగావని అన్నా.

వంకర ముక్కున్న పిల్లకి ఎవరైనా బొత్తాం అని పేరు పెడతారా? ఆలోచించు.

…

ఊఁ.

నువ్వు ఎందుకు చేయించుకుంటున్నావో నాకు తెలియదనుకున్నావా. మీ షాపు గోడ మీద ప్రకటన బొమ్మకి మొన్న చేరిన పిల్లని నుంచోబెట్టారట. ఆరేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ ముక్కుల మీద అద్దాలు సరిగ్గా కూర్చోబెట్టింది నువ్వు. రోజంతా నాలుగు వైపులా అద్దాలే కదా అక్కడ, ఎటు తిరిగినా నీకు నువ్వే… నేను చూసేది వేరు, నువ్వు చూసేది వేరు. నాకు బాగుందంటే నీకు బాగుండాలని లేదు.

చేయించుకో. ఇదిగో, నా నోటితోనే అంటున్నా. ఇంకెప్పుడూ వద్దనను, భయపెట్టను. కానీ ముందు ఆ మత్తు డాక్టరుకి చెప్పు. నా దగ్గర చీటీ ఉంది. అప్పటి డాక్టరు రాసిచ్చింది, మిషను సొరుగులో సూదుల డబ్బా కింద దాచా. ఇప్పుడు చేతిలోనే ఉంది. మడతలు పోతాయి, ఇస్త్రీ పెట్టె పెట్టి రుద్దుతానంటున్నాడు బాబాయి. సిరా పోతుంది, వద్దు బాబాయ్.

ఫోను నర్సుకివ్వు. ఇవ్వవే. నన్ను నమ్మకపోతే పోనీ, కాగితాన్ని నమ్ము.

…

నమస్కారమమ్మా. ఆ, తల్లినే… ఇంగ్లీషు చదవలేనమ్మా, అక్షరాలొచ్చు. స్కూలు చొక్కాల జేబుల మీద పేర్లు కుడతా. చెప్పనా?… ఎస్. యు. ఎక్స్. ఎ. తర్వాత చీమలు పాకినట్టుంది, తెలీట్లేదు. కింద పెద్దగా ఎన్, ఓ. దాని కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీశారు…

మళ్ళీనా? ఎస్, యు, ఎక్స్, ఎ…

ఎక్కడికెళ్తున్నారమ్మా? అమ్మా?

…

ఆ, ఉన్నానండీ డాక్టరుగారూ… అవునండీ, ఊపిరే. గుండె కొట్టుకుంటూనే ఉంది. చెయ్యే కాదు, కనురెప్ప కూడా కదపలేదు… సాయంత్రానికి వేలు కదిపింది, తర్వాత దగ్గింది… అవునండీ, చెప్పారు. ఏ ఆస్పత్రికెళ్ళినా ముందు ఈ చీటీ చూపించమని మూడుసార్లు చెప్పారు.

ఎందుకు చూపించలేదంటే… చూపిస్తే ఎలా పడిందో చెప్పాలి కదండీ.

…

ఇవాళ మీరు ఇవ్వాలనుకున్నదీ ఈ చీటీలో మందేనా?

…

అయ్యో.

లేదండీ, కూర్చునే ఉన్నా. బాబాయి బల్ల జరిపాడు… ఇవాళ ఆపేస్తున్నారా? రక్తం పరీక్షా… నాక్కూడానా? తీసుకోండి, ఎంత కావాలంటే అంత తీసుకోండి… వేరే మందుందా. దాంతో ప్రమాదం లేదా?… పూర్తిగా లేదని ఎవరూ అనరు. నిజం చెప్పారు, సంతోషం. దానికి కూడా అలాగే చెప్పండి. నేను చెబితే నమ్మదు.

అమ్మాయికివ్వండి.

…

బొత్తాం?

…

ఏదో ఒకటి అను. తిట్టు.

…

అవును. ఇరవై రెండేళ్ళు. అవును, తొమ్మిదో తరగతిలో స్కూలుకి పోనని ఏడ్చినప్పుడు కూడా చెప్పలేదు. నాయనమ్మని తిట్టుకుంటూ పడుకున్నావు. నేను పక్క గదిలో మిషను తొక్కుకుంటూ కూర్చున్నా… అవును. చెప్పుకోలేక, నీకు అన్నిటికీ భయం నేర్పా. అద్దె ఇల్లు మారినప్పుడల్లా కిటికీల కింద పరుపులు వేశా. అసలు భయపడాల్సింది మాత్రం సొరుగులో పెట్టి తాళం వేశా.

పరీక్షలయ్యాక చేయించుకుంటావా?… చేయించుకో. నేనన్న మాట తప్పను. సంతకం కావాలంటే నేనే పెడతా… నా సంతకం అక్కర్లేదా. సరే. ఊరికే వచ్చి బయట కూర్చుంటా… అదీ వద్దా.

చీటీ మాత్రం ఇప్పుడే తెస్తా. నాకు చెప్పిన ఆ షాపు పిల్లని గేటు దగ్గరికి రమ్మని, దానికిచ్చి వెళ్ళిపోతాలే.

…

ఏంటి?… ఫోటోనా? ఉంది, ఒక్కటే. పడక ముందుది. చీటీతో పాటే దాచా. అందుకే మన గోడ మీద నీ చిన్నప్పటిది ఒక్కటీ లేదు… ఎలా ఉందంటే… మాటల్లో ఏం చెప్పనే. తెస్తాగా, నువ్వే చూసుకో. డాక్టరుకి చూపిస్తావో, చింపేస్తావో నీ ఇష్టం.

కోపం వస్తే పెట్టేయ్. నేను ఏమీ అనుకోను.

…

ఇంకా పెట్టలేదే.

…

వినిపిస్తోంది నీ ఊపిరి. మాట్లాడకపోయినా పర్లేదు. కాసేపు అలాగే…

…

…

పెట్టేసింది.

ఇదిగో బాబాయ్, నీ ఫోను. చెమటంటింది, తుడుచుకో.