హాల్వర్ అన్నయ్య నీటి విమానం

అదిగో, ఆ మోత విన్నావా నాయనా? విమానమేగా. అది వినిపిస్తే నాకు ఇప్పటికీ చేతిలో పని ఆగిపోతుంది. మా హాల్వర్ అన్నయ్య సంగతి మీ అమ్మ చెప్పలేదూ? చెప్పదులే, దానికి ఆ ఊసే పడదు. ఈ దీవికి విమానం తెచ్చింది వాడేరా. పడవలు చేసే షెడ్డు అమ్మేసి, నీళ్ల మీద వాలే విమానం కొన్నాడు. రెక్కలు ఉత్త గుడ్డవే, మరి. బెర్గెన్ పట్నానికి స్టీమరైతే ఒక పగలూ ఒక రాత్రీ పట్టేది. వీడు భోజనం వేళకి దింపుతానన్నాడు. ఎక్కేవాళ్లేరీ? "ముందు మీ అమ్మని ఎక్కించవోయ్, తరవాత చూద్దాం" అని రేవులో ఎకసెక్కాలు. మా అమ్మ ఆ మాట విని, శాలువా కప్పుకుని వెళ్లి విమానంలో కూచుంది. సగం దారిలో పొగమంచు కమ్మేసిందట. సముద్రం మీద దించేసి, రాతిదిబ్బల మధ్య పడవలా ఈడ్చుకుంటూ పోయారు. అమ్మే తెడ్డుతో రాళ్లని నెట్టింది. మర్నాడు తిరిగొస్తే జనమంతా చుట్టూ మూగారు. "ఉయ్యాల్లో కూచున్నట్టుంది" అంది అమ్మ. ఇంటికొచ్చాక తలుపేసింది. "నిజం చెప్తే వాడి బతుకేం కాను" అంది నాతో. ఇంకేం, జనం ఎగబడ్డారు. అమ్మకి మాత్రం నిద్ర కరువైంది. విమానం వచ్చే ప్రతి రోజూ రేవులో నిలబడేది, "నా మాట నమ్మి ఎక్కారే" అనుకుంటూ. వాన పడినా కదిలేది కాదు. నన్నూ లాక్కుపోయేది, ఏం చేస్తాం... ఆఁ, ఏం చెబుతున్నా? ఆ యేడు ఆకు రాలే కాలంలో, బెర్గెన్‌లో తిరుగు ప్రయాణానికి ఎక్కిన జనాన్ని అన్నయ్య దింపేశాడు. "గాలి బాగాలేదు, స్టీమరెక్కండి" అన్నాడు. చేపల వర్తకుడు ఓస్మున్ ఊరుకుంటాడా? "మబ్బుకి జడిసేవాడికి విమానమెందుకోయ్" అన్నాడట. అన్నయ్యకి టపా మోసే ఒప్పందం కూడా ఉంది. టపా ఆగితే ఒప్పందం పోతుందని, సంచీ పడేసుకుని ఒక్కడే బయల్దేరాడు. మేం చీకటి పడేదాకా రేవులోనే ఉన్నాం, విమానం రాలేదు. మర్నాడు స్టీమరొచ్చింది. వాళ్లంతా క్షేమంగా దిగారు. ఓస్మున్ నేరుగా అమ్మ దగ్గరికొచ్చాడు. "ఏడమ్మా మీవాడు? మమ్మల్ని నడి రేవులో వదిలేసి పోయాడు. నాలుగు మాటలు అనాలి" అన్నాడు. "నాతో అను" అంది అమ్మ. అన్నాడు, పాపం, అతనికేం తెలుసు. అమ్మ అంతా వింది. స్టీమరు దిగినవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసుకుంది, లెక్క సరిపోయిందా అన్నట్టు. ఆ తరవాత, "ఆకలిగా ఉన్నావేమో, ఇంటికి రా, చేపల పులుసుంది" అంది. అతని చెయ్యి పట్టుకునే అంది. అప్పుడు అర్థమైంది అతనికి, వాడిక రాడని. టోపీ తీసి...

సరేలే. ఆ కిటికీ వెయ్యి నాయనా, గాలొస్తోంది.