ఆఖరి ప్లగ్గు

ఇంటి ముందు రేకుల షెడ్డులో పికప్పు బండి బానెట్ ఎత్తి ఉంది. ఆమె ఇంజన్ మీదికి వంగి ఉంది. పక్కనే స్టూలు మీద కూర్చున్న భర్త, వణికే కుడిచేతిని ఎడమచేత్తో అదిమి పట్టుకున్నాడు.

"ఆఖరి ప్లగ్గు కూడా ఊడొచ్చిందండీ. ఇదీ మసిబారిపోయింది."

"అందుకే బండి అలా దగ్గుతోంది. కొత్తది ముందు చేత్తోనే తిప్పు. మొదటే పానా పెడితే మర చెడుతుంది."

"ఈ ఒక్కటీ మీరు తిప్పండి."

"నా చెయ్యి సంగతి తెలిసే అడుగుతున్నావా?"

"నా చెయ్యి కూడా వేస్తాగా. ఇద్దరం తిప్పుదాం."

"ఆగు, వంకరగా వెళ్తోంది. ఆఁ, ఇప్పుడు పట్టింది. ఇక పానాతో బిగించి వైరు తగిలించు."

"చూశారా, మీరే పెట్టారు."

"పెట్టింది నువ్వు. చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పకు."

"డాక్టరు మందు మారుస్తానన్నాడు కదండీ."

"మారుస్తానన్నాడు, తగ్గుతుందనలేదు. స్టీరింగు మాత్రం ముట్టుకోవద్దన్నాడు. రేపటి నుంచి పాల క్యాన్లు నువ్వే తోలాలి."

"నాకు భయంగా ఉంది."

"నాకూ ఉంది. ఎక్కి తాళం తిప్పు. వీధి చివరిదాకా వెళ్లొద్దాం."

ఆమె బానెట్ దించి, ఎక్కి తాళం తిప్పింది. ఇంజన్ వెంటనే అందుకుంది. అతను అలవాటు కొద్దీ స్టీరింగు వైపు తలుపు దాకా వెళ్లి ఆగిపోయాడు. తర్వాత బండి చుట్టూ తిరిగి వెళ్లి అవతలి వైపు ఎక్కాడు.

"ఈ సీట్లో నేనెప్పుడూ కూర్చోలేదు."

"బెల్టు పెట్టుకోండి."

"నువ్వే పెట్టు. పెట్టి, నెమ్మదిగా పోనియ్."