చొట్ట కెటిల్ మోడల్

"నాకు కుళ్లేంటయ్యా? నాకెందుకు కుళ్లు? ఆ ఎదురు అద్దాల మేడకి రెండంతస్తుల ఎత్తున ఫోటో వేలాడుతోంది చూశారూ, ఒకే మనిషి నాలుగు గళ్లల్లో నాలుగు రంగుల్లో, ఇంతేసి కళ్లద్దాలు పెట్టుకుని, బిస్కెట్ ప్యాకెట్లతో కుట్టిన గౌను వేసుకుని, హ్యాండ్‌బ్యాగు పట్టుకున్నట్టు కెటిల్ పట్టుకుని... అది తీసింది మా తోడల్లుడని కింద పేరు రాశారు. రాసుకోనివ్వండి. మా ఆవిడ చెల్లెలి మొగుడే కదా, పరాయివాడా? కాకపోతే అందులో నా చెయ్యి కొంచెం ఉంది. కొంచెమే. లైటు ఓ జానెడు ఇటు జరిపాను, అంతే."

టీ కొట్టు బల్ల మీద పక్కనే కూర్చున్న టైలర్ గ్లాసు దించాడు. "జానెడేనా, ఫ్లాష్ బాబాయ్?"

"జానెడంటే మాటవరసకి జానెడు. అసలేం జరిగిందంటే, వాడు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. 'అన్నయ్యా, ఫ్యాషన్ మేగజైన్ వాళ్లు వచ్చి కూర్చున్నారు, మోడల్ నవ్వట్లేదు, నా వల్ల కావట్లేదు' అని. ముప్పయ్యేళ్లుగా ఈ వీధి చివర పాస్‌పోర్టు ఫోటోలు తీస్తున్నవాణ్ణి, ఒక్కసారి చూసిన ముఖం చచ్చినా మర్చిపోనివాణ్ణి, నన్ను కాక ఎవర్ని పిలుస్తాడు? వెళ్లాను. ఆ పిల్ల ఏ దేశందో ఏమో, విమానం దిగి తిన్నగా వచ్చేసింది, ఒంటి మీద లక్షలు చేసే పట్టు గౌను. 'ఇది మార్చండి, బిస్కెట్ ప్యాకెట్లు తెండి' అన్నాను. అందరూ నోరెళ్లబెట్టారు. ఆ గౌను అక్కడికక్కడే సూది పట్టుకుని నేనే కుట్టాను."

"మీరా కుట్టింది?" టైలర్‌కి టీ పొలమారింది.

"నేనే! ఇక ఆ కెటిల్. దాన్ని ఓడలో తెప్పించా. కొత్తది కదా, నిగనిగలాడిపోతోంది, చూస్తే కళ్లు చెదురుతున్నాయి. సుత్తి తెమ్మని ముక్కు పక్కన ఒక్క చొట్ట పెట్టా. చూడండి, నాలుగు గళ్లల్లోనూ ఆ చొట్టే మెరుస్తోంది. ఫోటో ప్రాణమంతా అక్కడే ఉంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కరెంటు పోయింది!"

"అయ్యో! మరెలా తీశారు?"

"మరేముంది, 'గడ్డం కొంచెం కిందికమ్మా' అన్నాను, ఎవరొచ్చినా నేను అనేది ఆ మాటే, ఆ పిల్ల నవ్వేసింది. ఆ నవ్వు వెలుగులోనే తీశాను. నొక్కింది ఒక్కసారి, వచ్చినవి నాలుగు ఫోటోలు! ఎందుకంటే నేనెంత వేగంగా నొక్కానంటే, వెనకాల గోడ తను ఏ రంగులో ఉండాలో ఇంకా తేల్చుకోలేదు. అందులో ఆ గులాబీ రంగు ఎంత చిక్కగా వచ్చిందంటే కెమెరాలో ఆగలేదయ్యా, కారిపోయి, గుమ్మం దాటి వీధిలో పడింది. ఆరేసిన బట్టలు గులాబీ. పాలవాడి పాలు గులాబీ. అటుగా ఓ తెల్లకుక్క పోతుంటే..."

"అదీ గులాబీయేనా? మాకెప్పుడూ కనబడలేదే!"

"ఎలా కనబడుతుంది? సిగ్గేసి బయటికి రావట్లేదు."

బల్ల మీదున్నవాళ్లంతా గొల్లున నవ్వారు. ఫ్లాష్ బాబాయ్ మాత్రం నవ్వలేదు.

"మీకు నవ్వుగానే ఉంటుంది. మా అత్తగారింట్లో షోకేసులో నా పెళ్లి ఫోటో ఉండేది, కెమెరా స్టాండు మీద పెట్టి నేనే తీసుకున్నది. మొన్న వెళ్తే అది ఫ్రిజ్ పైన పడుంది, దాని చోట్లో వాడి బొమ్మ. మామగారు ఇదివరకు ఎవరొచ్చినా 'మా పెద్దల్లుడు ఫోటోగ్రాఫర్' అనేవారు. ఇప్పుడు అల్లుడంటే వాడొక్కడే. మా ఆవిడ కూడా పొద్దస్తమానం 'మా మరిది, మా మరిది'. అన్నం సయించట్లేదంటే నమ్మండి, వాడి పేరు వింటే ఒళ్లు మండిపోతోంది. ఈ సాయంత్రం ఆ అద్దాల మేడలో ఫోటోల ప్రదర్శన ప్రారంభం, మామగారు వస్తున్నారు. అందరి ముందూ చెప్పేస్తా, ఆ ఫోటో నాదని. మీరు నా వెనకాల నిలబడి 'అవును, మాకు తెలుసు' అంటే చాలు. వస్తారా?"

టైలర్ టీ కొట్టు అక్క వైపు చూశాడు. ఇందాకట్నుంచి గ్లాసులు కడుక్కుంటూ వింటున్న అక్క, చేతిలోని కెటిల్ తుడిచి తెచ్చి బాబాయ్ ముందు పెట్టింది. దాని ముక్కు పక్కన చొట్ట ఉంది.

"మీరు సుత్తితో కొట్టింది ఇదేనా అన్నయ్యా? ఇది పోయినేడు నా చేతిలోంచి జారి పడింది."

బాబాయ్ కెటిల్‌ని చూశాడు, ఎదురు మేడ మీది ఫోటోని చూశాడు, అక్క ముఖం చూశాడు. ఆమె వేళ్లు గుండ్రంగా చుట్టి కళ్లద్దాల్లా పెట్టుకుని, గడ్డం కొంచెం కిందికి దించింది.

"ముఖం మర్చిపోనన్నారు. రోజూ నా చేతి టీ తాగుతూ కూడా నన్ను పోల్చుకోలేదు. గౌను కుట్టింది ఈ టైలరే. ఎండాకాలంలో పాస్‌పోర్టు ఫోటోకని మీ స్టూడియోకి వచ్చాను, గుర్తుందా? 'సరదాగా ఇంకోటి మంచిది తియ్యండి అన్నయ్యా' అంటే మీరేమన్నారు? 'నీ ముఖానికి లైటు దండగ' అన్నారు. మీ తోడల్లుడు అక్కడే కూర్చుని విన్నాడు. మెట్లు దిగుతుంటే నా వెనకాలే వచ్చి, 'అక్కా, నేను తీస్తా' అన్నాడు."

బాబాయ్ తొడ చరిచాడు.

"చూశారా! నేను తియ్యననబట్టే కదా వాడు తీశాడు? మరి ఆ ఫోటో ఎవరి వల్ల వచ్చినట్టు?"

"మీ వల్లే," అంది అక్క చేతులు తుడుచుకుంటూ. "సాక్ష్యం కావాలన్నారుగా, పదండి. మీరన్న మాట మీ మామగారికి ఉన్నదున్నట్టు చెబుతా."

లేవబోయిన బాబాయ్ మళ్లీ కూర్చున్నాడు.

"టీ చల్లారిపోయిందమ్మా. కాస్త వేడి చేసివ్వు."

"స్టవ్ కట్టేశాను అన్నయ్యా. అక్కడ రిబ్బను కత్తిరించేది నేనే, ఆలస్యమైతే బాగోదు."

ఆమె కెటిల్ పట్టుకుని వీధి దాటింది. టైలర్, మిగతావాళ్లూ గ్లాసులు పెట్టేసి ఆమె వెంటే వెళ్లారు. బల్ల మీద ఫ్లాష్ బాబాయ్ ఒక్కడే చల్లటి టీ తాగుతూ కూర్చున్నాడు.